కోసి తీసిన గడ్డను పారేయకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పెథాలజీ పాఠాలు చెబుతూ, స్లైడ్లు చూస్తూ, రిపోర్టులు రాస్తూ గడిపి రిటైరైన దాన్ని. రోగులకు మా ముఖాలు తెలియవు. మాకూ వాళ్ల ముఖాలు తెలియవు. ఒంట్లోంచి కోసి తీసిన ముక్క ఒక డబ్బాలో మా దగ్గరికి వస్తుంది, దానితో పాటు ఒక కాగితం వస్తుంది. ఆ రెండే మాకు మనిషి. ముక్క రాకపోతే మా వరకు ఆ మనిషి లేనట్టే. మా దగ్గరికి రాకుండా పోయిన ముక్కల గురించే ఈ ఉత్తరం.

స్త్రీ జననాంగం బయటి భాగంలో, డాక్టర్లు వల్వా అనే చోట, గడ్డలు వస్తాయి. ఎక్కువ భాగం మామూలువే: నీటి తిత్తులు, చీముగడ్డలు, చర్మపు తిత్తులు. చాలా కొద్ది మందికి మాత్రం చర్మం కింది మెత్తని కణజాలం నుంచి పుట్టే అరుదైన కణితులు వస్తాయి. వీటిలో చాలావరకు క్యాన్సర్ కావు. అయినా వీటి పేరు సరిగ్గా తేల్చకపోవడం వల్ల ఒకే మనిషి మూడు సార్లు ఆపరేషన్ బల్ల ఎక్కడం చూశాను. ఏ హానీ లేని చిన్న కణితికి క్యాన్సర్ ఆపరేషన్ చేయబోయి ఆఖరి నిమిషంలో ఆగడమూ చూశాను.

మొదట ఒక మనిషి సంగతి చెప్పనివ్వండి.

ఆమె జగిత్యాల వైపు పల్లెలో బీడీలు చుట్టేది. వయసు ముప్ఫై నాలుగు. మామూలుగా పెథాలజిస్టు వార్డుకు వెళ్లడు. ఆమె స్లైడు చూశాక నేను మాత్రం వెళ్లాను. మంచం మీద కూడా ఒక పక్కకు ఒరిగి కూర్చుంది.

ఎన్నాళ్ల నుంచమ్మా అని అడిగాను.

"నాలుగేండ్ల సంది ఉంది మేడం. మొదట నిమ్మకాయంత ఉండె. నొప్పి లేదు, ఏం లేదు. కూసుంటే ఒత్తుకుంటుండె. గందుకే ఇట్ల ఒరిగి కూసునుడు అలవాటైంది."

రోజుకు ఎనిమిది, పది గంటలు చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషి. మొదటి ఏడాది ఎవరికీ చెప్పలేదు. తర్వాత అత్తకు చెప్పింది. వేడి చేసిందని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు ఇచ్చారు. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు చూడకుండానే సెగగడ్డ అని అయిదు రోజులు సూదులు వేశాడు. ఆ తర్వాత పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్‌లో బార్తోలిన్ సిస్టు అన్నారు, మత్తిచ్చి కోశారు. కోస్తే చీము రాలేదు, నీళ్లూ రాలేదు.

"జిగురు జిగురుగ మాంసం అచ్చిందన్నరు మేడం."

ఆ మాంసాన్ని ఏం చేశారమ్మా?

"తెల్వది. చూపియ్యలే."

ఏడాదిన్నరకు మళ్లీ అదే చోట లేచింది. ఇంకో ఆసుపత్రి, ఇంకో ఆపరేషన్. డిశ్చార్జి కాగితం మీద గడ్డ తీసేసినట్టు ఒక్క వాక్యం. ల్యాబుకు ఏమీ వెళ్లలేదు. మూడోసారి వచ్చినప్పుడు ఒక ప్రభుత్వాసుపత్రిలో చిన్న వయసు అసిస్టెంటు ప్రొఫెసరు చూసింది. ఆ అమ్మాయి వెంటనే కత్తి పట్టలేదు. గడ్డ ఉన్న చోటు బార్తోలిన్ గ్రంథి ఉండే చోటు కాదని గమనించి, ఆగి, ఎమ్మారై తీయించింది. బయట నిమ్మకాయంత కనిపించినది లోపల కొబ్బరికాయంత ఉంది. యోని గోడ పక్కగా, పురీషనాళం పక్కగా, కటి అడుగున ఉండే కండరాల తెరను దాటి పైకి పాకింది. రెండు సార్లు ఆపరేషన్లు చేసిన వాళ్లు తీసింది పైకి కనిపించే కొసను మాత్రమే.

ఆ కణితి పేరు డీప్ యాంజియోమిక్సోమా. ఇప్పటికీ చాలా పుస్తకాల్లో అగ్రెసివ్ యాంజియోమిక్సోమా అనే ఉంటుంది. 1983లో అమెరికాలో స్టీపర్, రోసాయ్ అనే ఇద్దరు పెథాలజిస్టులు తొమ్మిది మంది స్త్రీల కణితులను పక్కపక్కన పెట్టి చూసి, ఇది వేరే జబ్బు, దీనికి వేరే పేరు కావాలని రాశారు. వాళ్లు రాయగలిగారంటే కారణం ఒకటే. ఆ తొమ్మిది మంది కణితులూ పారేయకుండా ల్యాబుకు చేరాయి, మైనపు దిమ్మెల్లో భద్రంగా ఉన్నాయి.

పాతికేళ్ల నుంచి యాభై ఏళ్ల మధ్య ఆడవాళ్లలో ఇది ఎక్కువ. మెత్తగా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది, నొప్పి ఉండదు. చుట్టూ పొర ఉండదు కాబట్టి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో సర్జన్ వేలికి తెలియదు. ఇతర అవయవాలకు పాకడం అత్యంత అరుదు. అదే చోట మళ్లీ రావడం మాత్రం సాధారణం. ఏడాది తర్వాతా రావచ్చు, పదిహేనేళ్ల తర్వాతా రావచ్చు. అగ్రెసివ్ అన్న మాట తిరగబెట్టే ఆ గుణాన్ని చెప్పడానికి పెట్టినదే. రిపోర్టులో ఆ మాట చదివిన కుటుంబాలు క్యాన్సర్ అనుకుని కుప్పకూలిపోవడం చూశాక, అలాంటి రిపోర్టు రాసిన ప్రతిసారీ నేను సర్జన్‌కు ఫోన్ చేసి మాట్లాడేదాన్ని. డీప్ అన్న పేరు రావడం ఆ విధంగా మేలే.

ఇక బార్తోలిన్ సంగతి. యోని ద్వారానికి వెనక భాగంలో, గడియారం ముఖంగా ఊహిస్తే 4 గంటలు, 8 గంటల స్థానాల్లో, రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. డెన్మార్క్ వైద్యుడు కాస్పర్ బార్తోలిన్ 17వ శతాబ్దంలో వీటిని వర్ణించాడు. వాటి నాళం మూసుకుపోతే లోపల ద్రవం నిలిచి తిత్తి అవుతుంది, సూక్ష్మజీవులు చేరితే చీముగడ్డ అవుతుంది. ప్రతి వంద మంది స్త్రీలలో ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అంచనా. ఇంత మామూలు విషయం కాబట్టే, అక్కడ ఏ వాపు కనిపించినా నోటికి మొదట వచ్చే పేరు అదే అవుతోంది. మా కాలేజీకి వచ్చిన అరుదైన కణితుల కాగితాల మీద రోగనిర్ధారణ అన్న చోట చాలా వాటికి బార్తోలిన్ సిస్టు అనే రాసి ఉండేది.

అయితే చోటును చూస్తే చాలా భాగం తేలిపోతుంది. గడ్డ ముందు వైపు ఉంటే, గజ్జ దాకా సాగితే, పెద్ద పెదవి మొత్తాన్ని ఆక్రమిస్తే అది బార్తోలిన్ కాదు. తిత్తి అయితే వేళ్ల మధ్య పట్టుకుంటే నీళ్ల సంచిలా ఆడాలి. ఆడకుండా మైదా ముద్దలా తగిలితే ఆగి ఆలోచించాలి. దగ్గమన్నప్పుడు ఉబికితే, పడుకున్నప్పుడు లోపలికి వెళ్లిపోతే హెర్నియా కావచ్చు. గర్భాశయం నుంచి గజ్జల మీదుగా వచ్చే బంధనం వెంట చిన్న గొట్టం పుట్టుకతో మూసుకోకుండా మిగిలితే, మగవాళ్లకు వరిబీజం వచ్చినట్టే ఆడవాళ్లకూ అక్కడ నీరు చేరుతుంది. నక్ కాలువ హైడ్రోసీల్ అంటారు. దాన్ని బార్తోలిన్ అనుకుని కింద నుంచి కోస్తే అసలు దారి పైన గజ్జలోనే ఉండిపోతుంది. ఇక నలభై దాటిన స్త్రీకి కొత్తగా బార్తోలిన్ చోట గడ్డ లేస్తే, తిత్తేనని చీల్చి వదలకుండా ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ గ్రంథిలోనే క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగానైనా ఉంటుంది.

ఇదంతా పరీక్ష బల్ల మీద అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు దొరకవు. ఓపీలో నూట యాభై మంది ఉంటారు, తెర సగమే ఉంటుంది, బల్ల పక్కనే ఇంకొకరి భర్త నిలబడి ఉంటాడు. ఆమె చీర సగం పైకి లాగి, డాక్టరు సగం చూసి, సగం రాసి పంపిస్తారు. అసలు ఆ భాగానికి మన ఇళ్లలో పలకదగిన మాటే లేదు. పాఠ్యపుస్తకంలో బాహ్య జననాంగం అని ఉంటుంది, ఎవరూ అనరు. బూతు మాట ఉంటుంది, ఆడవాళ్లు అనలేరు. "కింద" అంటారు, "అక్కడ" అంటారు, "మూత్రం పోసే కాడ" అంటారు. కింద వాపు అని వచ్చిన మనిషికి తెల్లబట్ట అవుతోందని మాత్రలు రాసిచ్చిన చీటీలు నేను చూశాను. ఏఎన్ఎమ్‌లకు, ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేటప్పుడు రొమ్ములో గడ్డ గురించి చెబుతున్నట్టే ఈ భాగంలో గడ్డ గురించి కూడా నోరు తెరిచి, బొమ్మ చూపించి చెప్పించాలి.

కోనసీమలో, గోదావరి జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. బోదకాలు చాలాకాలం పీడించిన నేల అది. అక్కడ కాలు వాచినా, మగవాళ్లకు బుడ్డ దిగినా, ఆడవాళ్లకు పెదవి వాచినా ఫైలేరియా అనేయడం తరతరాల అలవాటు. ఫైలేరియా వల్ల వల్వా వాచడం నిజమే. శోషరస నాళాలు మూసుకుపోయి చర్మం మందంగా, గరుకుగా అవుతుంది. చర్మం నున్నగా మామూలుగానే ఉండి, కింద మెత్తని ముద్ద తగులుతుంటే, అది ఒక పక్కే ఉంటే, ఏళ్ల తరబడి ఫైలేరియా మాత్రలు మింగించడం తప్పు.

ఇప్పుడు మా ల్యాబులోకి రండి. ఇక్కడ చెప్పాల్సింది చాలా ఉంది.

1983 దాకా ఈ చోట పుట్టే జిగురు కణితులన్నిటినీ ఏదో ఒక పాత పేరుతో పిలిచేవారు. ఆ ఏడాది డీప్ యాంజియోమిక్సోమా వేరుపడింది. 1992లో లండన్‌లో క్రిస్టఫర్ ఫ్లెచర్, ఆయన సహచరులు అచ్చం దానిలాగే కనిపించే పది కణితులను చూసి, ఇవి అవి కావని తేల్చారు. వాటికి యాంజియోమయోఫైబ్రోబ్లాస్టోమా అని పేరు పెట్టారు. నోరు తిరగని పేరు. కానీ ఆ పేరుతో ఎందరో ఆడవాళ్లకు పెద్ద ఆపరేషన్ తప్పింది. ఎందుకంటే ఇది సాధారణంగా అయిదు సెంటీమీటర్ల లోపు ఉంటుంది, చుట్టూ స్పష్టమైన హద్దు ఉంటుంది, ఊడదీసినట్టు బయటికి వస్తుంది, మళ్లీ రావడం అరుదు. 1997లో మరిసా నూచీ బృందం నాలుగు కణితులతో సెల్యులార్ యాంజియోఫైబ్రోమా అనే మూడో దాన్ని విడదీసింది. అదీ చిన్నదే, హద్దు ఉన్నదే, మామూలుగా తీసేస్తే సరిపోయేదే.

పైనుంచి చూస్తే ముగ్గురూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటారు. మెత్తని గడ్డ, నొప్పి లేదు, బార్తోలిన్ అనుకునే చోట. మైక్రోస్కోపు కింద పెడితే తేడాలు బయటపడతాయి. డీప్ యాంజియోమిక్సోమాలో జిగురు మైదానంలో కణాలు దూరదూరంగా, బక్కగా పడి ఉంటాయి. పెద్ద పెద్ద రక్తనాళాలు, కొన్నిటికి మందమైన గోడలు, వాటి చుట్టూ కండరపు పోగులు విడివిడిగా కనిపిస్తాయి. అంచున కొవ్వులోకి, కండరంలోకి చడీచప్పుడు లేకుండా జొరబడి ఉంటుంది. యాంజియోమయోఫైబ్రోబ్లాస్టోమాలో సన్నని రక్తనాళాలు లెక్కలేనన్ని. వాటి చుట్టూ బొద్దుగా ఉన్న కణాలు, బావి చుట్టూ బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లలా గుమిగూడి ఉంటాయి. ఒక చోట చిక్కగా, పక్కనే పలచగా. సెల్యులార్ యాంజియోఫైబ్రోమాలో కణాలు నిండుగా ఉంటాయి. నాళాలు చిన్నవే, గోడలు మాత్రం గట్టిపడి గులాబీ రంగు గాజు కడియాల్లా కనిపిస్తాయి.

చెప్పుకోవడానికి ఇంత స్పష్టంగా ఉంది. చిన్న ముక్క మీద మాత్రం ఇంత సులువు కాదు. నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఒక ముక్క వచ్చింది, చిక్కుడు గింజంత. కాగితం మీద "పాలిప్" అని మాత్రమే ఉంది. జిగురు, పలచని కణాలు, పైన మామూలు చర్మం. నీరు చేరిన ఫైబ్రోఎపిథీలియల్ పాలిప్ అని రిపోర్టు ఇచ్చాను. ఆ పాలిప్ ఈ భాగంలో వచ్చే మామూలు విషయమే, దానిదీ అదే రూపం. రెండేళ్లకు అదే పేరుతో పెద్ద కణితి వచ్చింది. పాత స్లైడు తీసి చూస్తే ఆ ముక్క ఒక పెద్ద డీప్ యాంజియోమిక్సోమా పైకొస. గడ్డ ఎంత ఉంది, ఎంత లోతుంది, మొత్తం తీశారా ముక్క తీశారా అని ఆ రోజు నేను ఫోన్ చేసి అడగలేదు. కాగితం మీద రాయని సంగతి అడిగి తెలుసుకోవడం నా బాధ్యత. ఆ తప్పు నాది. ఆ రోజు నుంచి, సైజు, చోటు, లోతు రాయని కాగితంతో వచ్చిన వల్వా ముక్కకు అవి తెలిసేదాకా రిపోర్టు ఇవ్వలేదు.

సూదితో పీల్చి చూసే పరీక్ష, ఎఫ్ఎన్ఏసీ, మన దగ్గర చవక, వేగం. ఈ కణితుల్లో అది సాధారణంగా తేల్చలేదు. సూదిలోకి జిగురు వస్తుంది, నాలుగు కణాలు వస్తాయి. వాటితో ఏ పేరైనా పెట్టవచ్చు. సూది బయాప్సీలో కాస్త లావు సూదితో పుల్లల్లాంటి ముక్కలు తీస్తే మేలు. అన్నిటికన్నా మేలు, ముందు ఎమ్మారై. డీప్ యాంజియోమిక్సోమా అక్కడ తన గుర్తు తానే చూపిస్తుంది. తెల్లగా మెరిసే కణితి లోపల పొరలు పొరలుగా, సుడులు తిరిగినట్టు గీతలు కనిపిస్తాయి. పక్క అవయవాలను తొలిచినట్టు కాకుండా పక్కకు నెట్టినట్టు ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో అది నీటి తిత్తిలా భ్రమ పెట్టగలదు. అందుకే డాప్లర్‌తో లోపల రక్తం ప్రవహిస్తోందా అని చూడాలి. తిత్తి లోపల నాళాలు ఉండవు.

ఆపరేషన్ ఎలా చేయాలన్నదీ ఈ పేరు మీదే ఆధారపడుతుంది. అది డీప్ యాంజియోమిక్సోమా అని ముందే తెలిస్తే సర్జన్ కింద నుంచే వెళ్లాలా, పొట్ట నుంచి కూడా వెళ్లాలా అని ఆలోచిస్తారు. ఆమెకు ఇంకా పిల్లలు కావాలా, మూత్రనాళం, మలద్వారపు కండరం దెబ్బతినకుండా ఎంత తీయవచ్చు అని ఆమెతో మాట్లాడతారు. అంచుల్లో కాస్త మిగిలిపోతుందని భయపడి శరీరాన్ని ఛిద్రం చేయాల్సిన పని లేదని ఇన్నేళ్ల అనుభవం చెప్పింది. ప్రాణం తీయని కణితి కోసం మనిషిని వికలాంగురాలిని చేయకూడదు. ఈ కణితి కణాల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ గ్రాహకాలు సాధారణంగా ఉంటాయి కాబట్టి, కొందరిలో అండాశయపు హార్మోన్లను తగ్గించే ఇంజెక్షన్లతో కణితిని చిన్నది చేయగలుగుతున్నారు. గర్భిణిలో ఇది కొన్నిసార్లు వేగంగా పెరగడానికీ అదే కారణమని భావిస్తారు.

పేరు తేల్చడానికి మాకు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ కావాలి. ఐహెచ్‌సీ అంటాం. కణంలోని ఫలానా ప్రొటీను ఉంటే గోధుమరంగు తేలేలా స్లైడుకు రంగు వేయడం అది. డెస్మిన్, సీడీ34, ఎస్100, హార్మోన్ గ్రాహకాలు, హెచ్‌ఎమ్‌జీఏ2. ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పదు. డెస్మిన్, హార్మోన్ గ్రాహకాలు డీప్ యాంజియోమిక్సోమాలోనూ, యాంజియోమయోఫైబ్రోబ్లాస్టోమాలోనూ రెండింట్లోనూ ఉంటాయి. హెచ్‌ఎమ్‌జీఏ2 చాలా డీప్ యాంజియోమిక్సోమాల్లో కనిపిస్తుంది, అంచున మిగిలిన కణాలను పట్టివ్వడానికి కూడా పనికొస్తుంది. సెల్యులార్ యాంజియోఫైబ్రోమాలో ఆర్‌బీ1 అనే ప్రొటీను మాయమవుతుంది. కళ్లు చూసినదాన్ని ఈ రంగులు బలపరచాలి. కళ్లు చూడనిదాన్ని అవి చెప్పలేవు. రంగులు పడాలన్నా ముక్క మంచి ఫార్మలిన్‌లో సరిగ్గా ఊరి ఉండాలి. ముక్కకు కనీసం పది రెట్లు ఫార్మలిన్ పోయాలి. ఊరగాయ సీసాలో కుక్కి, అడుగున రెండు చెంచాలు పోసి బస్సులో పంపిన కణితులు మాకు వచ్చేవి. మూత తీస్తే వాసన. లోపలి కణాలు అప్పటికే చచ్చి కరిగిపోయి ఉంటాయి. సెలైన్‌లో వేసి పంపినవి ఇంకా ఘోరం.

చిన్నపిల్లల గురించి రెండు మాటలు. పదేళ్లలోపు ఆడపిల్లకు ఒక పక్క పెద్ద పెదవి ఉబ్బితే తల్లి గుండె ఆగిపోతుంది. అది బాల్యంలో వచ్చే ఫైబ్రోమా కావచ్చు, ఆ వయసు హార్మోన్లకు స్పందించిన మామూలు కణజాలం కావచ్చు. చాలాసార్లు చిన్న ముక్క తీసి నిర్ధారించుకుని, పిల్లను గమనిస్తూ ఉంటే సరిపోతుంది. అయితే పిల్లల్లో వచ్చే రాబ్డోమయోసార్కోమా అనే క్యాన్సర్ కూడా ఇక్కడే ముద్దలా కనిపించగలదు. అందుకే ముక్క చూడకుండా భరోసా ఇవ్వకూడదు, ముక్క చూడకుండా కోసి పారేయనూ కూడదు.

కొవ్వు గడ్డలు, నాడీ కణితులు, కండర కణితులు కూడా ఉన్నాయి. వాటి వివరాల్లోకి వెళ్లను. కండర కణితి అయిదు సెంటీమీటర్లు దాటితే, అంచులు జొరబడుతుంటే, కణ విభజనలు ఎక్కువగా ఉంటే, కణాల రూపు చెడితే దాన్ని సార్కోమాగా అనుమానించాలి. ఇవన్నీ మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి చెప్పేవే. బకెట్‌లో పడేసిన ముక్కలో ఎవరూ లెక్కపెట్టలేరు.

మంత్రివర్యులారా, మిమ్మల్ని కోట్ల రూపాయల కొత్త ఆసుపత్రి అడగడం లేదు. ఈ భాగం నుంచి తీసిన ప్రతి ఘనమైన కణజాలం, గడ్డ ఎంత చిన్నదైనా, ప్రభుత్వంలో తీసినా ప్రైవేటులో తీసినా, ల్యాబుకు పంపి తీరాలని ఉత్తర్వు ఇవ్వండి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండు రకాలుగా నడుస్తోంది. పథకం పేరు ఏదైనా, ఈ ఆపరేషన్ బిల్లుకు బయాప్సీ రిపోర్టు జతపడితేనే డబ్బు విడుదల కావాలని రాయండి. ఆ పరీక్ష ఖర్చు, అవసరమైతే ఐహెచ్‌సీ ఖర్చు, ప్యాకేజీలోనే కలపండి. ఆ ఖర్చు బీడీలు చుట్టే మనిషి చేతికి వదిలేస్తే పరీక్ష జరగదు. ప్రతి జిల్లా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో బఫర్ కలిపిన ఫార్మలిన్, వెడల్పు మూతి డబ్బాలు ఎప్పుడూ ఉండేలా చూడండి. ఇది చాలా చిన్న సంగతి, అయినా దీని కొరతతో పాడైన రిపోర్టులు నా చేతిలోంచే వెళ్లాయి.

ప్రతి కాలేజీలో ఐహెచ్‌సీ అన్ని రంగులూ పెట్టడం సాధ్యం కాదని నాకు తెలుసు. సీసా తెరిస్తే గడువు లోపల వాడాలి, ఏడాదికి రెండు కేసుల కోసం హెచ్‌ఎమ్‌జీఏ2 కొనడం వృథా. అందుకే రాష్ట్రానికి ఒకటి రెండు చోట్ల అరుదైన మెత్తని కణజాల కణితుల కేంద్రం పెట్టండి. హైదరాబాద్‌లో నిమ్స్‌కు, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ఇలాంటి కణితులు కొత్త కాదు. విశాఖలోనూ అలాంటి ఏర్పాటు చేయవచ్చు. జిల్లా పెథాలజిస్టు అక్కడికి మైనపు దిమ్మెను పంపి, స్కాన్ చేసిన స్లైడు మీద ఫోన్లో మాట్లాడే వీలు కల్పించండి. ఒంటరిగా కూర్చుని, ఎప్పుడూ చూడని స్లైడు మీద సంతకం పెట్టాల్సి రావడం ఎంత బరువో నాకు తెలుసు.

ఇంకొకటి. డీప్ యాంజియోమిక్సోమా తేలిన స్త్రీకి ఒక కార్డు ఇవ్వండి. అందులో కణితి పేరు, ఆపరేషన్ తేదీ, దిమ్మె నంబరు, మళ్లీ ఎమ్మారై ఎప్పుడు తీయించుకోవాలో తెలుగులో ఉండాలి. పదేళ్ల తర్వాత ఆమె దుబాయ్‌లో ఉండవచ్చు, భివండీలో ఉండవచ్చు. తన జబ్బు పేరు ఆమె చేతిలో ఉండాలి.

జగిత్యాల ఆమెకు మూడో ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. వార్డు నుంచి వచ్చేటప్పుడు ఒక కాగితం మీద ఆ కణితి పేరు తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చాను. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. రెండుసార్లు చదివింది. "గిదా దాని పేరు? నాలుగేండ్ల సంది ఎవ్వలు చెప్పలే" అంది. దిండు కింద పెట్టుకుంది.

నాకు ఇప్పుడు మైక్రోస్కోపు లేదు, అధికారమూ లేదు. మీకు సంతకం ఉంది. ఆ ఉత్తర్వు ఒక్క పేజీ అవుతుంది. దయచేసి ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పెథాలజీ ప్రొఫెసర్